ఎలుక లేని పూట

మలక్‌పేట గంజ్ వెనక సందుల మా నెట్ సెంటర్.
మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను,
లెక్కకు దొరకని ఎలుకలు.
పక్కనే ఉల్లిగడ్డల గోదాం గదా,
రాత్రిపూట వాటిదే దుకాణం.

ఆ సోమవారం షట్టర్ ఎత్తితే
మౌసు తోక రెండు ముక్కలు.
"ఎలుకను ఎలుకనే కొరికింది" అని
బిల్కీస్ ఆపా పడీ పడీ నవ్వింది.
నాకు నవ్వు రాలే.
ఉన్న మూడిట్ల రెండు కంప్యూటర్లు ముందే మూలకు పడ్డయి,
ఫారాలకేమో అది ఆఖరి రోజు.
మెట్ల కాడి నుంచి పాన్ డబ్బా దాకా లైను,
చేతుల్ల ప్లాస్టిక్ కవర్లు, కవర్లల్ల టెన్త్ మెమోలు.
తెర నడిమిట్ల బాణం గుర్తు
చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద పెట్రోల్ అయిపోయిన ఆటో లెక్క
అట్లనే నిలబడ్డది.

"లెవ్వు" అన్నది ఆపా.
బురఖా చేతులు పైకి మడిచింది.
ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీద ఆనించింది,
పసిపిల్ల నుదుటి మీద జ్వరం చూసినట్టు.

కంట్రోల్ టి, కొత్త పేజీ.
కంట్రోల్ ఎల్, పైన అడ్రస్ కాడికి ఒక్క దుంకు.
ఇగ ట్యాబ్, ట్యాబ్, ట్యాబ్:
పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది.
గడి దాటిపోతే షిఫ్ట్ పట్టుకుని అదే ట్యాబ్, వెనక్కి.
జిల్లా కాడ ఆర్ కొడితే రంగారెడ్డి.
స్పేస్ కొడితే "పైవన్నీ నిజమే" అని టిక్కు.
అన్నీ నిజమేనా అని ఎవరూ అడగలే.

"ఆటో తోలేటోడు హారన్ ఏడున్నదో ఎతుక్కుంటడా?
వేళ్లకు ఎరుకుండాలె బేటా."

పదేండ్లు నాంపల్లి కోర్టు మెట్ల పక్కన
టైపు మిషను మీద అఫిడవిట్లు కొట్టిన చెయ్యి అది.
ఒక్క అక్షరం తప్పితే
కార్బన్లతో సహా నాలుగు కాగితాలు చెత్తల.
కంట్రోల్ జెడ్ మొదటిసారి కొట్టిన్నాడు
కావాలనే తప్పు రాసి, చెరిపి, మళ్ల తప్పు రాసిందట
మధ్యాహ్నం దాకా.

రెండు గంటలకు భిక్షపతి వచ్చిండు, హాస్టల్ వాచ్‌మన్.
బిడ్డ పరీక్ష రాసింది, లిస్టు పడ్డదట.
మూడువందల పన్నెండు పేజీలు.
కంట్రోల్ ఎఫ్. హాల్ టికెట్ నంబరు.
సున్నా.
"కొంచెం నిమ్మళంగ కొట్టు సారూ" అన్నడు నాతోని.
నిమ్మళంగ కొట్టిన. సున్నా.
ఆపా కాగితం గుంజుకున్నది,
ఆరు ఎనిమిదేమో, ఎనిమిది సున్నానేమో అని
కంట్రోల్ ప్లస్ కొట్టి కొట్టి
ఒక్కో అంకెను గోడగడియారమంత జేసి చూసింది.
ఇరవై రూపాయలు టేబుల్ మీద పెడితే
ఆయన కవర్లనే మళ్ల పెట్టింది.
ఆ పేజీ ఆమె మూయలే.
అందరి పనులూ పక్క ట్యాబులల్ల జేసింది.

రాత్రి పదకొండున్నర, ఆఖరి పిల్ల, రజిత.
కాపీ కొట్టబోయి
సి పక్కకు జరిగి డబ్ల్యూ నొక్కిన.
పేజీ మాయం.
ఆపా ఏమనలే. కంట్రోల్ షిఫ్ట్ టి. వచ్చింది.
వచ్చింది గానీ నింపిన గడులన్నీ ఖాళీ.
"తలుపు తెరుస్తది,
లోపలి సామాన్లకు జిమ్మేదారీ లేదు" అన్నది.
రజిత ఊపిరి నా చెవి మీద పడుతుంటే
మళ్ల మొదటి నుంచి.
పదకొండూ యాభై ఆరుకు ఎంటర్.
కంట్రోల్ పి. వెచ్చటి కాగితం.
రజిత దాన్ని చెంపకు ఆనించుకున్నది.

సాయంత్రం మా తమ్ముడు గుజరాతీ గల్లీ నుంచి
నూటయాభైకి తెచ్చిన కొత్త మౌసు
ఇంకా డబ్బాలనే ఉన్నది.

విండోస్ ఎల్ కొట్టి ఆపా లేచింది.
"ఎందుకాపా, షట్టర్ ఎట్లా దించుతం గదా?"
"ఎలుకలకు పాస్‌వర్డ్ తెల్వదు" అన్నది,
డబ్బాను సుతిలి దారంతో కట్టి
ఫ్యాను కొక్కేనికి వేలాడేసుకుంట.